ఫొటో ఇంటిపేరు

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి, నిన్న తీసిన ఫొటో తనంతట తనే నాలుగంతస్తుల మెట్లెక్కి యూసుఫ్‌గూడలోని స్టూడియోకి వచ్చి, గుమ్మంలో నిలబడి, తన ఇంటిపేరేమిటని అడుగుతుంది.

ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. లిఫ్టులో పట్టలేదట. మెట్ల మలుపుల్లో కుడివైపు పై అంచు కాస్త ఒరుసుకుపోయింది గానీ మిగతా అంతా బాగానే ఉంది. ఫొటోలో నీలం ఇక్కత్ చీర కట్టుకున్న అమ్మాయి సగం ఇటు తిరిగి ఉంది. అదే అమ్మాయి, మోడల్ మేఖల, స్టూడియోలో స్టూలు మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. రోజూ ఒకే బస్సెక్కేవాళ్ళలా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలు ఊపుకుంటారు.

ఫొటో తీసింది సువర్చల. ఫ్యాషన్ ఫొటోలు తీయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఆమెకి గర్వం ఎక్కువని ఈ రంగంలో అందరూ అంటారు. ఎక్కువేమీ కాదు, చేసే పనికి సరిపడా ఉంది. కాకపోతే దాన్ని ఎక్కడా దాచుకోదు, అదీ జనానికి గిట్టనిది.

"లోపలికి రా. కూర్చో," అంటుంది సువర్చల.

"కూర్చుంటే మడత పడతాను," అంటుంది ఫొటో. చెప్పేది నిజమే కాబట్టి గోడకి ఆనుకుని నిలబడనిస్తారు.

విషయం ఏమిటంటే, ఇవాళ ఫొటో అమీర్‌పేట కూడలిలో పెద్ద హోర్డింగు మీదికి ఎక్కాలి. పొద్దున్నే ప్రెస్సుకి వెళ్తే అక్కడి గుమాస్తా ఒక ఫారం ముందు పెట్టి, పేరు సరే, ఇంటిపేరు ఏదన్నాడు. ఇంటిపేరు లేనివాళ్ళని అంత ఎత్తుకి ఎక్కించరట. పడితే ఎవరింటికి కబురు చెయ్యాలి? పన్నెండులోగా తెచ్చుకోమని పంపించాడు.

ఆ మాట విన్నాక సువర్చల ఫొటోకి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇన్నేళ్ళూ ఆమె తీసినవన్నీ కొట్ల పేర్లతోనే ఊళ్ళోకి వెళ్ళాయి. బట్టల కొట్టు పేరు, నగల కొట్టు పేరు, ఒకసారి ఫ్యాన్ల కంపెనీ పేరు. ఒక్కటి కూడా వెనక్కి తిరిగొచ్చి నేనెవరిదాన్నని అడగలేదు. ఇదొక్కటే వచ్చింది. దీనికి తన ఇంటిపేరు ఉండాలని ఆమెకి ఉంది. చాలా ఉంది.

"కందిమళ్ళ," అంటుంది వెంటనే. "నీ ఇంటిపేరు కందిమళ్ళ. రాసుకో."

"ఆగమ్మా, ఆగు. తొందరేముంది?" అంటారు వీరభద్రరావుగారు సోఫాలోంచి.

ఆయనది చీరల కంపెనీ. షూటింగు పెట్టించిందీ ఆయనే. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళారు గానీ, ఆయన కూర్చున్న తీరు మాత్రం సోఫాలోనే ఉండిపోయింది. పొద్దున్నే వచ్చి మళ్ళీ అందులో సర్దుకున్నారు.

"చూడు తల్లీ," అంటారు ఫొటోతో, "చీర మా కంపెనీది. ఆలోచన నాది. వెనక ఆ స్తంభం ఉంది చూశావూ, దగ్గరుండి చెక్కించాను. మా ఇంటిపేరు పెట్టుకో. కావాలంటే శాస్త్రోక్తంగా దత్తత తీసుకుంటాను." అని ఇటు తిరిగి, "సువర్చలా, నువ్వేమీ అనుకోకమ్మా. నీకు మంచి పేరుంది, కాదనను. కానీ నీది బటన్ నొక్కడమేగా?"

సువర్చలకి ఒళ్ళు మండుతుంది. ఆ వేడికి పక్కనే ఉన్న ఇస్త్రీపెట్టె, ప్లగ్గు పెట్టకుండానే కాగి, దాని ఎర్రదీపం వెలుగుతుంది. వేడి వృథా చెయ్యడం ఇష్టంలేక ఆమె రెండు జాకెట్లు ఇస్త్రీ చేసి పక్కన పెడుతుంది. ఈలోగా కోపం మాట్లాడగలిగినంతకి దిగుతుంది.

"బటన్ నొక్కడమే అయితే," అంటుంది, "మీ ఇంట్లో కాలింగ్ బెల్ నొక్కేవాళ్ళంతా ఫొటోగ్రాఫర్లే."

"పోట్లాడుకోకండి," అంటుంది ఫొటో. "నాలో ఎవరి వాటా ఉంటే అది వాళ్ళు తీసేసుకోండి. అందరూ తీసుకున్నాక ఏం మిగిలిందో చూద్దాం. మిగిలింది ఎవరిదైతే నేను వాళ్ళింటిదాన్ని."

"ఏమీ మిగలకపోతే?" అంటుంది మేఖల, నోట్లో ఇడ్లీతోనే.

"వీరభద్రరావుగారి ఇంటికి వెళ్తాను."

"ఆయనింటికే ఎందుకు?"

"ఆయనకి కారుంది. పన్నెండులోగా ప్రెస్సు చేరాలి."

వీరభద్రరావుగారు జేబులోంచి కారు తాళాలు తీసి పక్కన పెట్టుకుంటారు.

ముందు మెహరున్నీసా లేస్తుంది. పద్నాలుగేళ్ళుగా సువర్చల షూటింగులకి మేకప్ ఆమెదే. "అక్కా, అది అడిగింది కాబట్టి తీస్తున్న, మళ్ళ నువ్వు మనసుల పెట్టుకోవద్దు," అని బ్రష్షు తీసుకుంటుంది. వేసినప్పుడు ఏ వైపు తిప్పిందో దానికి ఎదురు తిప్పుతుంది. బుగ్గల రంగు, కాటుక, పెదాల ఎరుపు, బొట్టు ఒక్కొక్కటే బ్రష్షు మీదికి ఎక్కి, పెట్టెలో దేని గడిలోకి అది వెళ్ళి కూర్చుంటుంది.

తర్వాత మేఖల చెయ్యి కడుక్కుని వచ్చి, ఫొటోలోంచి తన మెడా నడుమూ ఎత్తూ తీసుకుని తొడుక్కుంటుంది. నిన్నటి ఎత్తు ఇవాళ్టి ఎత్తు మీద చేరి కాసేపు మరీ పొడుగైపోతుంది. ఫ్యాను తగలకుండా తల వంచుకుని ఓపిగ్గా నిలబడుతుంది.

ఇప్పుడు ఫొటోలో చీరొక్కటే నిలబడి ఉంది. దాన్ని నేసింది గంజి యాదగిరి. పుట్టపాక నుంచి నిన్న వచ్చి రాత్రి ఇక్కడే ఉండిపోయాడు, తన చీర ఫొటోలో ఎట్లా ఉంటదో చూసిపోదామని. ఆయన కొంగు అంచు పట్టుకుని లాగుతుంటే ఆరు గజాలూ చప్పుడు లేకుండా బయటికి వస్తాయి. మడత మీద మడత వేసి చంకలో పెట్టుకుంటాడు. చంకలో పెట్టుకున్నాక ఎందుకో మొహం చిట్లిస్తాడు.

స్టూడియో లైట్లు రెండూ స్టాండ్ల మీదనించి వంగి, పిల్లి పాలు తాగినట్టు తమ వెలుతురు తాము తాగేస్తాయి. ఆఖర్న వీరభద్రరావుగారు లేచి స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని బయటికి లాక్కుంటారు. తన ఆలోచన కూడా తీసి జేబులో వేసుకుంటారు. అది జేబులో సులభంగానే పడుతుంది.

తెల్లకాగితం మిగులుతుంది. ఆరడుగులు, నాలుగడుగులు. ఒక మూల ఒరుసుకుపోయింది.

మెహరున్నీసా పెట్టె మూత మూస్తూ సువర్చల వైపు చూడదు. సువర్చల ఆ తెలుపు వైపే చూస్తూ ఉంటుంది. ఒక్క నిమిషం ఆమెకి నిజంగా భయం వేస్తుంది. మోకాళ్ళు అరిగిన ఇరవై రెండేళ్ళూ ఇంతేనా, ఈ తెల్లకాగితమేనా అనిపిస్తుంది. అలా అనిపించడం ఆమెకి అలవాటు లేదు, అందుకే మరీ బాధగా ఉంటుంది.

"చూశావా తల్లీ," అంటారు వీరభద్రరావుగారు మెత్తగా. ఆయన చెడ్డవాడు కాదు. గెలిచినప్పుడు ఇంకా మంచివాడు. "కారు కింద రెడీగా ఉంది."

"పదిన్నరేగా అయింది," అంటుంది సువర్చల. "మీకు ఇంకా టైముంది. కెమెరా అదిగో. నిన్నటి వాటాలన్నీ ఎదురుగా పెడతాం. అదే మొహం, అదే చీర, అవే లైట్లు, మీ స్తంభం. మీరే నొక్కండి."

ఆయన సంతోషంగా నొక్కుతారు.

నొక్కినప్పుడల్లా కెమెరాలోంచి ఒక ఫొటో జారి నేల మీద పడుతుంది. అందులో అన్నీ ఉంటాయి. కానీ వచ్చిన వరసలో ఉంటాయి. ముందు మొహం, దాని వెనక మెడ, దాని వెనక చీర, ఆ వెనక స్తంభం, అన్నిటికన్నా వెనక వెలుతురు, రేషన్ షాపు ముందు జనంలా దేని వంతు కోసం అది నిలబడి ఉంటుంది. ఆయన కాస్త వంగి నొక్కుతారు. కుర్చీ ఎక్కి నొక్కుతారు. ఊపిరి బిగబట్టి నొక్కుతారు. అరవై ఒక్క ఫొటోలు పడతాయి. ఒక్కటి కూడా లేచి నా ఇంటిపేరేమిటని అడగదు. అన్నీ గోడవైపు తిరిగి పడుకుంటాయి. రెండు గుర్రు పెడతాయి కూడా.

"బటన్ బిగుతుగా ఉంది," అంటారాయన నుదురు తుడుచుకుంటూ.

అప్పుడు యాదగిరి గొంతు సవరించుకుంటాడు.

"బిడ్డా, నాకొకటి సమజైతలేదు," అంటాడు సువర్చలతో. చంకలోని చీర తీసి నేల మీద మడత మడతా విప్పుతాడు. వేలితో ఒకచోట రాస్తాడు, మళ్ళీ రాస్తాడు. "నేసేముందు దారానికి కట్లు కట్టి రంగుల ముంచుతం గద. ఆ కట్టు కింద కొద్దిగంత రంగు పాకుతది. గప్పుడు నీలం లోపల ఇంకో నీలం పుడ్తది. నలభై ఏండ్ల సంది నేస్తున్న, మగ్గం మీద పొద్దుగాల ఎండ పక్కకెల్లి పడ్డప్పుడు తప్ప నేనది ఎన్నడూ చూల్లే. నా ఇంటామెకు చూపెడ్తే ఏడున్నది, నీకు కండ్లు మసకలొచ్చినయ్ అన్నది. గది నిన్న ఈ ఫొటోల కనబడ్డది. ఇంత పెద్దగ! నేను రాత్రంత నిద్రపోలే." చీర అంచు ఎత్తి చూపిస్తాడు. "ఇప్పుడు నేను గుంజుకున్న చీరెల అది లేదు. చీరె నాదే. ఆ రెండో నీలం నాతోని రాలేదు."

అందరూ తెల్లకాగితం వైపు చూస్తారు.

"నాకూ ఒకటి తక్కువైంది అక్కా," అంటుంది మెహరున్నీసా. పెట్టె తెరిచి బొట్టు ఉన్న గడి చూపిస్తుంది. "నేను బొట్టు మధ్యలనే పెట్టిన. షూటింగుల అది చెమటకి అరవేలు పక్కకి జరిగింది. నేను ఉరికి సరిచెయ్యబోతే నువ్వు వద్దన్నవ్, జరగనీ, ఇప్పుడే మనిషిలెక్క ఉన్నది అన్నవ్. నా పెట్టెల బొట్టు చక్కగ మధ్యలనే ఉన్నది చూడు. ఆ అరవేలు ఏదీ?"

మేఖల అప్పటికే తన ఒళ్ళంతా తడుముకుని చూసుకుంటోంది. "నా ఊపిరి ఒకటి లేదు," అంటుంది. "మేడమ్ నిన్న 'అయిపోయింది, ఇక చాలు' అన్నారు. హమ్మయ్య అని ఊపిరి వదిలాను. అప్పుడే క్లిక్ మంది. అయిపోయిందని చెప్పి అప్పుడు తీస్తారని నాకేం తెలుసు? తిట్టుకున్నాను కూడా. ఆ వదిలిన ఊపిరి నేను తీసుకున్నవాటిలో లేదు. నేను బిగబట్టినవే ఉన్నాయి, పన్నెండు."

వీరభద్రరావుగారు ఇంకా స్తంభాన్ని కావలించుకునే ఉన్నారు. దానివైపు చూస్తారు. తెల్లకాగితం వైపు చూస్తారు. నిజాయితీగల మనిషి కావడం ఒక్కోసారి ఆయనకి ఇబ్బందిగానే ఉంటుంది.

"ఫొటోలో ఇది మసగ్గా ఉండేది," అంటారు చివరికి. "ఇక్కడ చూస్తే ప్రతి చెక్కడమూ కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఆ మసక నాది కాదు."

"నాది," అంటుంది సువర్చల. "మీ స్తంభం బాగోలేదండీ."

"అవును," అంటారాయన నెమ్మదిగా. "నిన్ననే నాకూ అనిపించింది. కానీ అప్పటికి ఫొటో బావుంది కదా అని ఊరుకున్నాను."

సువర్చల కాగితం ముందుకి వెళ్ళి చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని నేల మీద బోర్లా పడుకుంటుంది. గడ్డం నేలకి ఆనిస్తుంది. "అలా నిలబడి చూస్తే మీకు తెలుపే కనిపిస్తుంది," అంటుంది. "నిన్న నేనిక్కడి నుంచి తీశాను. ఇక్కడికి రండి."

మెహరున్నీసా పడుకుంటుంది. యాదగిరి కండువా పరుచుకుని పడుకుంటాడు. మేఖల కాళ్ళు స్టూడియో దాటి వరండాలోకి వెళ్తాయి, పర్వాలేదంటుంది. వీరభద్రరావుగారు స్తంభాన్ని వదిలి, రెండు చేతులూ నేలకి ఆనించి, అమ్మా అనుకుంటూ దిగుతారు. పొట్ట కాసేపు ఆయన్ని ముందుకీ వెనక్కీ ఊపి ఒకచోట ఆపుతుంది.

అక్కడి నుంచి చూస్తే కాగితం ఖాళీగా లేదు. రెండో నీలం అందులోనే ఉంది, చీర లేకుండా, ఎవరూ ఎక్కడా చూడనంత నింపాదిగా. బొట్టు లేదు గానీ అది జరిగిన అరవేలు దూరం ఉంది. వదిలిన ఊపిరి కింద నుంచి పైకి పోతూ ఉంది, దాని మీద మేఖల మొహం లేకపోయినా ఆ ఊపిరి ఆమెదేనని ఎవరికైనా తెలుస్తుంది. స్తంభం లేని మసక వెనకగా, మర్యాదగా, నిలబడి ఉంది. ఇవన్నీ ఒకదాన్నొకటి చూసుకునేంత దూరంలో, సరిగ్గా అంతే దూరంలో ఉన్నాయి.

ఆ దూరాలు కొలిచి పెట్టింది తనేనని సువర్చలకి తెలుసు. ఒక్కొక్కటీ ఎంతసేపు పట్టిందో, దేనికోసం ఎన్నిసార్లు లేచి మళ్ళీ పడుకుందో గుర్తుంది. ఆనందంతో ఆమెకి కళ్ళు చెమరుస్తాయి. నేల మీద పడ్డ ఆ చుక్కని వేలితో తుడిచేసి, తల ఎత్తుతుంది.

"ఇదీ నాది," అంటుంది. "ఇదీ. అదీ. ఆ మూలది కూడా."

"మస్తున్నది బిడ్డా," అంటాడు యాదగిరి. కళ్ళు ఆ నీలం మీదనించి తిప్పడు. "మా ఇంటామెను తోలుకొస్తే బాగుండు."

"నా ఇంటిపేరు ఎవరైనా చెప్తారా?" అంటుంది ఫొటో. "పదకొండు దాటింది."

అందరూ వీరభద్రరావుగారే ముందు అనాలని ఎదురుచూస్తున్నారు. ఆయనకీ అది తెలుసు.

"కందిమళ్ళ," అంటారాయన, నేల మీదనించే. "రాసుకో తల్లీ. కందిమళ్ళవాళ్ళ ఫొటోవి నువ్వు." తర్వాత సువర్చల వైపు తిరిగి, "బటన్ అన్నందుకు ఏమీ అనుకోకమ్మా. అరవై ఒక్కసార్లు నొక్కాను కదా, వేలు నొప్పి పుడుతోంది," అంటారు.

సువర్చల నవ్వుతుంది. కానీ పర్వాలేదండీ అనదు. పర్వాలేదని ఆమెకి అనిపించడం లేదు మరి. "ఇకముందు అనకండి," అంటుంది.

అందరూ లేచి ఎవరి వాటాలు వాళ్ళు తిరిగి ఫొటోలో పెట్టేస్తారు. సువర్చల దగ్గరుండి ఒక్కొక్కటీ ఎక్కడికి పోవాలో చెబుతుంది, ఇంకొంచెం లోపలికి, చాలు, వదిలెయ్యి అంటూ. మేఖల మామూలు ఎత్తుకి వచ్చి మిగిలిన ఇడ్లీ తింటుంది. ఫొటో చుట్టచుట్టుకుని కారులో ముందు సీట్లో కూర్చుంటుంది, సీటు బెల్టు పెట్టుకుంటుంది. ప్రెస్సులో గుమాస్తా ఇంటిపేరు చదివి, స్పెల్లింగు సరిచూసి, ముద్ర వేసి, ఇక ఎక్కమంటాడు.

అమీర్‌పేట కూడలిలో ఫొటో ఇనుప నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, పైన చట్రం నిండా సాగి నిటారుగా నిలబడుతుంది. అడుగున, మనిషంత అక్షరాల్లో, కందిమళ్ళ సువర్చల అని ఉంది. కూడలిలో నిలబడి సువర్చల ఆ పేరుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతుంది, అయ్యాక మళ్ళీ మొదలుపెడుతుంది.

కూడలిలో జనం తలెత్తి చూస్తారు. కాసేపు చూసి, ఇది నిలబడి చూసే ఫొటో కాదని వాళ్ళే అర్థం చేసుకుంటారు. ముందు పూలమ్మే ఆవిడ బుట్ట పక్కన పెట్టి రోడ్డు మీద బోర్లా పడుకుంటుంది. కోచింగు సెంటరు పిల్లలు పుస్తకాలు తలకింద పెట్టుకోకుండా, గడ్డం నేలకి ఆనించి, సరిగ్గా పడుకుంటారు. బస్సులు ఆగుతాయి. అందులోవాళ్ళు దిగి, టికెట్లు జేబులో పెట్టుకుని పడుకుంటారు. ట్రాఫిక్ కానిస్టేబులు నాలుగువైపులా చెయ్యి చూపించి ఆపి, టోపీ తీసి, తనూ పడుకుంటాడు. మైత్రీవనం నుంచి ఎస్సార్ నగర్ దాకా నిలబడి ఉన్నది సువర్చల ఒక్కతే.

"నాకు చాలా గర్వంగా ఉంది," అంటుంది పైకే.

"ఉండాలె కద మేడమ్," అంటుంది కాళ్ళ దగ్గర పడుకున్న బస్సు కండక్టరు, తల తిప్పకుండా.

అంత కింద నుంచి అంతమంది చూస్తుంటే సువర్చల పొడుగవుతుంది. మెట్రో పట్టాలు ఆమె నడుం దగ్గరికి వస్తాయి. ఒక రైలు ఆమె మోచేతి పక్కనుంచి జాగ్రత్తగా వెళ్ళిపోతుంది. హోర్డింగు ఇప్పుడు ఆమె కళ్ళ ఎత్తులో ఉంది. అక్కడి నుంచి చూస్తే ఒక్క తప్పు కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ. ఆ ఎండకి మేఖల కళ్ళకింద నీడలు గుంటల్లా పడుతున్నాయి, నీలం చచ్చిపోతోంది. ఎవరు పెట్టారో గానీ లైటు పెట్టే చోటు కాదు అది.

సువర్చల చీర కొంగు నడుముకి చుట్టి దోపుతుంది. చెయ్యి పైకి చాస్తుంది. సూర్యుణ్ణి రెండు వేళ్ళతో పట్టుకుని, కొంచెం ఎడమకి, ఇంకొంచెం కిందికి జరుపుతుంది. ఊరి నీడలన్నీ మనుషుల కిందనుంచి బయటికి వచ్చి ఒకేవైపు వాలుతాయి.

"ఎవరూ కదలకండి," అంటుంది.

హైదరాబాదు కదలదు. రసాల మామిడిపండు తింటున్నప్పుడు కారినట్టు, వెలుగు ఆమె వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి, అక్కడి నుంచి మోచేతిదాకా కారుతుంది. ఆమె తుడుచుకోదు. ఒక కన్ను మూసి చూస్తుంది.